పక్కింటావిడ పేరు బీ బెనడెరెట్

మన క్లబ్ ఉగాది నాటికలో నాకు పక్కింటావిడ వేషం ఇచ్చారు. మొత్తం నాలుగు డైలాగులు. మొదటిది పంచదార అడగడం, చివరిది ఇంట్లో ఏం గొడవ జరుగుతోందని అడగడం. మధ్యలో రెండు చోట్ల నోరు తెరిచి ఆశ్చర్యపోవాలి. హీరోయిన్ పాత్రకి ఆడిషన్ ఇచ్చినదాన్ని కదా, రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. రిహార్సల్‌కి రానని మా రూమ్మేట్‌తో తేల్చి చెప్పేశాను కూడా.

ఆ రెండు రోజులూ రూమ్‌లో కూర్చుని పాత సిట్‌కామ్‌లు చూశాను. ఫ్రెండ్స్ ఇప్పటికే మూడుసార్లు అయిపోయింది కాబట్టి, వీటన్నిటికీ అమ్మమ్మ లాంటిది ఏదో చూద్దామని ఐ లవ్ లూసీ మొదటి సీజన్ పెట్టాను. బ్లాక్ అండ్ వైట్. 1952 జనవరిలో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో మిస్ లూయిస్ అని, పెళ్లికాని ఒక పొరుగావిడ ఉంటుంది. ఆవిడకి కిరాణా కొట్టాయన మీద ఇష్టం. కానీ పైకి చెప్పలేదు. లూసీ మధ్యవర్తిత్వం చేయబోతే, ఆయన లూసీకే తన మీద మనసుందని అనుకుంటాడు. అక్కడి నుంచి గొడవంతా లూసీది, నవ్వులన్నీ లూసీవి. అయినా ఎపిసోడ్ అయిపోయాక నాకు గుర్తుండిపోయింది మిస్ లూయిస్ ముఖమే. ఆయన పేరు వినగానే సిగ్గుపడి, ఆ సిగ్గుని దాచుకోబోయి ఇంకా ఎక్కువ బయటపడిపోతుంది.

ఎవరీవిడ అని వెతికితే బీ బెనడెరెట్ అనే పేరు వచ్చింది. ఇంకొంచెం వెతికితే నిజంగానే ఆశ్చర్యపోయాను. చిన్నప్పుడు మనం చూసిన ట్వీటీ కార్టూన్లలో గొడుగు పట్టుకుని సిల్వెస్టర్‌ని తరిమే బామ్మ గుర్తుందా? పాత కార్టూన్లలో ఆ బామ్మ గొంతు ఈవిడదే. ఫ్లింట్‌స్టోన్స్‌లో బార్నీ భార్య బెట్టీ గొంతు కూడా ఈవిడదే. అంటే ఆవిడ గొంతు నాకు ఎప్పటినుంచో తెలుసు, పేరు మాత్రం పంతొమ్మిదో ఏట తెలిసింది. అప్పటికి ఆవిడ పోయి యాభై ఏళ్లు దాటింది. అందుకే ఈ వ్యాసం.

బీ పూర్తి పేరు బియాట్రిస్ బెనడెరెట్. 1906 ఏప్రిల్ 4న న్యూయార్క్‌లో పుట్టింది. నాన్న టర్కీ నుంచి వలస వచ్చిన యూదుడు, అమ్మది ఐరిష్ మూలాలున్న కుటుంబం. బీ చిన్నప్పుడే వాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోకి మారిపోయారు. అక్కడ నాన్న పొగాకు దుకాణం నడిపేవాడు. అమ్మాయి సంగీతం, పియానో నేర్చుకుంది, స్కూల్లో నాటకాలు వేసింది. ఇరవయ్యో ఏట, 1926లో, ఆ ఊళ్లోని కెఎఫ్ఆర్‌సి అనే రేడియో స్టేషన్‌లో చేరింది.

ఆ రోజుల్లో రేడియో స్టేషన్ అంటే ఇప్పటి స్టార్టప్ లాంటిది. ఒకరికి ఒకే పని అని ఉండదు. బీ అక్కడ నటించింది, పాడింది, స్క్రిప్టులు రాసింది, కార్యక్రమాలు నిర్మించింది, అనౌన్సర్‌గానూ పనిచేసింది. ఆడవాళ్లు అనౌన్సర్లుగా ఉండటం అప్పట్లో చాలా అరుదు. రకరకాల యాసలు కూడా అక్కడే పట్టుకుంది. ఫ్రెంచ్ యాసలో ఇంగ్లీష్, స్పానిష్ యాసలో ఇంగ్లీష్, న్యూయార్క్ వీధుల ఇంగ్లీష్, ఏది కావాలంటే అది. తర్వాత ఆవిడకి అన్నం పెట్టింది ఈ విద్యే.

1936లో హాలీవుడ్‌కి వెళ్లింది. సినిమాల కోసం కాదు, రేడియో కోసమే. ఆర్సన్ వెల్స్ క్యాంప్‌బెల్ ప్లేహౌస్ నాటకాల్లో చేసింది, జాక్ బెన్నీ కామెడీ షోలో చేసింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ రేడియో ఎలా ఉండేదో ఊహించుకోండి. షో లైవ్. రీటేక్ లేదు, ఎడిటింగ్ లేదు. నలుగురైదుగురు నటులు చేతిలో కాగితాలతో మైకుల ముందు నిలబడతారు. ఎదురుగా ప్రేక్షకులు. ఒక పక్కన సౌండ్ ఎఫెక్ట్స్ వాళ్లు తలుపులు, గంటలు, పాత్రలు పెట్టుకుని సిద్ధంగా ఉంటారు. మన లైన్ ముందు నవ్వొస్తే అది తగ్గేదాకా ఆగాలి. మరీ ఎక్కువ ఆగితే వినేవాళ్లకి నిశ్శబ్దం, తక్కువ ఆగితే మన మాట నవ్వులో కొట్టుకుపోతుంది. ఇవన్నీ చేస్తూనే, పాత్ర మారితే అరక్షణంలో గొంతు మార్చాలి.

1940లలో అమెరికాలో కామెడీ రేడియో విన్నవాళ్లు బీని తప్పించుకోలేరు. ఫిబ్బర్ మెగీ అండ్ మాలీలో గొప్పలు పోయే మిసెస్ కార్‌స్టెయిర్స్ ఆవిడే. ఓజీ అండ్ హారియెట్‌లో పనమ్మాయి గ్లోరియా ఆవిడే. ఇక జాక్ బెన్నీ షోలో 1945 నుంచి గర్‌ట్రూడ్ గేర్‌షిఫ్ట్ అనే టెలిఫోన్ ఆపరేటర్. పక్క సీటులో మేబెల్ అనే ఇంకో ఆపరేటర్, ఆ పాత్ర సారా బెర్నర్ చేసేది. బెన్నీ అర్జెంటుగా ఫోన్ కలపమంటాడు. వీళ్లిద్దరూ లైన్ పక్కనపెట్టి ఆయన పిసినారితనం గురించి తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటారు. పాపం ఆయన అవతల ఎదురుచూస్తూ ఉంటాడు. సన్నివేశం రెండు నిమిషాలే. జనం దానికోసం ఎదురుచూసేవాళ్లు.

1948లో మై ఫేవరెట్ హజ్బెండ్ అనే రేడియో కామెడీ మొదలైంది. హీరోయిన్ లూసిల్ బాల్. హీరో పనిచేసే బ్యాంకులో బాస్‌గా గేల్ గార్డన్, ఆయన భార్య ఐరిస్‌గా బీ. లూసిల్ ఏదో ఒక తిక్క ప్లాన్ వేస్తుంది, ఐరిస్ అందులో ఇరుక్కుంటుంది. మూడేళ్లు ఇదే ఆట. లూసిల్ బాల్‌కి టీవీ షో వచ్చే అవకాశం రాగానే, పక్కింటి దంపతులుగా తనకి ఈ ఇద్దరే కావాలని అనుకుంది. అంటే టీవీ చరిత్రలోనే అత్యంత ప్రసిద్ధమైన పొరుగావిడ ఎథెల్ మెర్ట్జ్ పాత్రకి మొదటి ఎంపిక బీ బెనడెరెట్.

అప్పటికే ఆలస్యమైపోయింది. గేల్ గార్డన్ అవర్ మిస్ బ్రూక్స్‌కి ఒప్పుకుని ఉన్నాడు. బీ ఏమో 1950లో టీవీలో మొదలైన బర్న్స్ అండ్ ఆలెన్ షోలో ఇంకో పక్కింటావిడగా చేస్తోంది. 1951 అక్టోబర్‌లో ఐ లవ్ లూసీ మొదలయ్యేసరికి ఎథెల్ పాత్ర వివియన్ వాన్స్ చేతికి వెళ్లింది. అది ఎంత పెద్ద హిట్టో చెప్పక్కర్లేదు. బీకి మిగిలింది నేను చూసిన ఆ ఒక్క ఎపిసోడ్, మిస్ లూయిస్. తనదవ్వాల్సిన ఇంటికి ఒక్క రోజు చుట్టంగా వచ్చినట్టు.

1954లో సహాయ నటికి ఎమ్మీ అవార్డు ఇచ్చినప్పుడు నామినేషన్లలో బీ పేరుంది. గెలిచింది వివియన్ వాన్స్, అదీ ఎథెల్ పాత్రకే. మరుసటి సంవత్సరం బీ మళ్లీ నామినేట్ అయింది. ఈసారి అవార్డు హనీమూనర్స్‌తో మనకి తెలిసిన ఆడ్రీ మెడోస్‌కి వెళ్లింది. ఇది చదివినప్పుడు నాకు బీ మీద జాలేసింది. కానీ ఆ తర్వాత బర్న్స్ అండ్ ఆలెన్ షో చూడటం మొదలుపెట్టాను. జాలి పోయింది.

ఆ షో సంగతి ఇది. జార్జ్ బర్న్స్, గ్రేసీ ఆలెన్ నిజజీవితంలోనూ భార్యాభర్తలే. షోలో గ్రేసీకి ఒక ప్రత్యేకమైన లాజిక్ ఉంటుంది. ఇన్‌పుట్ తప్పు, ప్రాసెస్ మాత్రం పక్కా. ఎక్కడో ఒక మాట తప్పుగా వింటుంది, దాని మీద ఒక్క తప్పు లేకుండా మెట్టు మీద మెట్టు కట్టుకుంటూ పోయి ఊరంతా తలకిందులు చేస్తుంది. జార్జ్ చుట్ట పట్టుకుని కెమెరా వైపు తిరిగి మనతో మాట్లాడతాడు. పక్కింట్లో బ్లాంచ్ మార్టన్, ఆవిడ భర్త హ్యారీ. బ్లాంచ్ మన బీ.

నేను మొదట గ్రేసీనే చూశాను, అందరూ అంతే కదా. ఒక ఎపిసోడ్ రెండోసారి చూస్తున్నప్పుడు కావాలని బ్లాంచ్‌ని మాత్రమే చూశాను. అప్పుడు అర్థమైంది ఆవిడ ఏం చేస్తోందో. గ్రేసీ అర్థంపర్థం లేని ఒక మాట అంటుంది. బ్లాంచ్ వెంటనే నవ్వదు, విసుక్కోదు. ఒక్క క్షణం దాన్ని నిజంగా ఆలోచిస్తుంది. ఆ లాజిక్‌లోకి ఒక కాలు పెట్టి చూస్తుంది. అందులో తప్పేమీ కనపడక తలూపుతుంది. ఐదు నిమిషాల తర్వాత ఆ పిచ్చి ప్లాన్‌లో ఈవిడ కూడా సగం భాగస్వామి.

బ్లాంచ్ లేకుండా గ్రేసీని ఊహించుకోండి. అందరూ తలపట్టుకునే ఒక తిక్క మనిషి. ఎదురుగా ఆవిడని నమ్మే ఒక స్నేహితురాలు ఉంది కాబట్టే, చూసే మనకి కూడా గ్రేసీ మీద ప్రేమ పుడుతుంది. బ్లాంచ్ తెలివైనదే, హ్యారీకి దిమ్మతిరిగే సమాధానాలు చెప్పగలదు. అలాంటి మనిషి గ్రేసీని నమ్ముతోందంటే అందులో ఏదో ఉందని మనకీ అనిపిస్తుంది. బీ ఎనిమిదేళ్లు చేసిన పని ఇదే. తెర మీద ఇంకొక మనిషి మాట వినడం. నిజంగా వినడం.

ఈ షోలో నాకు అన్నిటికంటే నచ్చిన సన్నివేశం 1953లో వచ్చింది. అప్పటికి బ్లాంచ్‌కి భర్తలు మారుతూ వస్తున్నారు. పాత్ర హ్యారీయే, నటులు మాత్రం హాల్ మార్చ్, జాన్ బ్రౌన్, ఆ తర్వాత ఫ్రెడ్ క్లార్క్. క్లార్క్ కూడా షో వదిలేశాడు. ఇప్పటి సీరియల్స్‌లో అయితే కారు యాక్సిడెంట్ పెట్టి, ప్లాస్టిక్ సర్జరీ చేసి కట్టు విప్పుతారు. జార్జ్ బర్న్స్ అలాంటివేమీ చేయలేదు. బ్లాంచ్ కోపంతో భర్త కోసం కాచుకుని ఉంది, రాగానే చేతిలో ఉన్నదాంతో నెత్తిన కొట్టాలని. అప్పుడు జార్జ్ సెట్‌లోకి నడుచుకుంటూ వచ్చి సీన్ ఆపేశాడు. క్లార్క్ వెళ్లిపోయాడని ప్రేక్షకులకి చెప్పి, కొత్త హ్యారీగా ల్యారీ కీటింగ్‌ని పరిచయం చేశాడు. కీటింగ్‌కి బీని పరిచయం చేశాడు. ఇద్దరూ పెళ్లిలో కలిసిన పెద్దమనుషుల్లా మర్యాదగా ఒకరి నటన ఒకరు మెచ్చుకున్నారు. జార్జ్ పక్కకి తప్పుకోగానే సీన్ మళ్లీ మొదలైంది. బీ ఒక్క క్షణంలో బ్లాంచ్ అయిపోయి ఆయన నెత్తిన ఒక్కటిచ్చింది.

మర్యాదకీ దెబ్బకీ మధ్య ఉన్న ఆ మార్పు చూడాలి. రేడియోలో అరక్షణంలో గొంతు మార్చిన అనుభవమంతా అక్కడ కనిపిస్తుంది. ఆ తర్వాత షో అయిపోయేదాకా కీటింగే హ్యారీ. నలుగురు భర్తలు మారినా ఆ పక్కిల్లు పక్కిల్లులాగే ఉందంటే కారణం ఆ ఇంట్లో మారని మనిషి.

ఇదంతా జరుగుతుండగానే ఆవిడ ఇంకో ఉద్యోగం కూడా చేస్తోంది. 1943 నుంచి 1955 వరకు వార్నర్ బ్రదర్స్ కార్టూన్లకి గొంతు ఇచ్చింది. బగ్స్ బన్నీ కార్టూన్లలో ఆడగొంతు వినపడితే చాలాసార్లు అది బీదే. ఎర్ర టోపీ పాప కథని వెక్కిరించిన 1944 కార్టూన్‌లో గట్టిగా అరిచే ఆ పాప, మూడు ఎలుగుబంట్ల కార్టూన్లలో అమ్మ ఎలుగు, 1954లో వచ్చిన మంత్రగత్తె హేజెల్, ట్వీటీ వాళ్ల బామ్మ. కానీ టైటిల్స్‌లో ఆవిడ పేరు ఎక్కడా కనపడదు. మెల్ బ్లాంక్ స్టూడియోతో చేసుకున్న ఒప్పందం ప్రకారం గొంతు ఇచ్చినవాళ్లలో ఆయన పేరు మాత్రమే వేసేవాళ్లు. 1955 తర్వాత బామ్మ, హేజెల్ పాత్రలు జూన్ ఫోరేకి వెళ్లాయి.

మనం రోజూ ఒక లైబ్రరీని ఇంపోర్ట్ చేస్తాం. అది రాసినవాళ్ల పేరు మనలో ఎంతమందికి తెలుసు? కనీసం రిపోజిటరీ తెరిచి చూస్తే పేరు దొరుకుతుంది. బీ కాలంలో ఆ తెరిచి చూసే అవకాశం కూడా లేదు. కోట్లమంది పిల్లలు విన్న గొంతుకి పేరు లేదు.

సినిమాల్లోనూ ఇదే తంతు. హిచ్‌కాక్ నొటోరియస్‌లో చిన్న వేషం వేసింది, టైటిల్స్‌లో పేరు లేదు. ఆన్ ది టౌన్‌లో రైల్లో కనిపించే ఒక బ్రూక్లిన్ అమ్మాయి. రెప్పవేస్తే మిస్సవుతాం.

1958లో గ్రేసీ ఆలెన్ నటన నుంచి తప్పుకుంది. షో ఆగిపోయింది. జార్జ్ బర్న్స్ ఆవిడ లేకుండా కొత్త షో మొదలుపెట్టాడు. బీ అందులో కూడా బ్లాంచ్‌గానే ఉంది. కానీ నమ్మడానికి ఎదురుగా గ్రేసీ లేదు. ఒక సీజన్‌తో అది ముగిసింది. ఆ తర్వాత ఇంకో సిట్‌కామ్‌లో ఇంటి పనులు చూసే ఆవిడగా ఒక సీజన్.

1960 సెప్టెంబర్ 30న ఫ్లింట్‌స్టోన్స్ మొదలైంది. పెద్దవాళ్లు టీవీ చూసే సాయంత్రం సమయంలో వచ్చిన మొదటి కార్టూన్ సీరియల్ అది. విల్మా గొంతు జీన్ వాండర్ పైల్‌ది, బెట్టీది బీది. బెట్టీ ఎవరు? విల్మా పక్కింటావిడ! భర్త బార్నీకి గొంతు ఇచ్చింది ఎవరనుకున్నారు, మెల్ బ్లాంక్. ఇన్నాళ్లూ ఎవరి పేరు వెనక తన పేరు దాగిపోయిందో, ఆయనతోనే భార్యాభర్తలుగా నాలుగు సీజన్లు చేసింది. ఈసారి పేరు వేశారు.

పాల్ హెన్నింగ్ అనే రచయిత బర్న్స్ అండ్ ఆలెన్ రాసే రోజుల నుంచే బీ పనిని చూస్తున్నాడు. 1962లో ఆయన బెవర్లీ హిల్‌బిల్లీస్ మొదలుపెట్టాడు. నేలలో ఆయిల్ పడి కోటీశ్వరులైన ఒక కొండప్రాంతపు కుటుంబం బెవర్లీ హిల్స్‌లో కాపురం పెట్టడమే కథ. అందులో ముఖ్యమైన బామ్మ పాత్రకి బీ పరీక్ష ఇచ్చింది. కానీ హెన్నింగ్ మనసులో ఉన్నది బక్కపలచని ముసలావిడ. బీ బొద్దుగా ఉంటుంది. పాత్ర ఐరీన్ రయన్‌కి వెళ్లింది. రయన్ టెస్ట్ చూసి, ఆ పాత్రకి ఆవిడే తగినదని బీ కూడా ఒప్పుకుందట. వరుసగా రెండో పెద్ద అవకాశం చేజారింది.

హెన్నింగ్ ఊరుకోలేదు. కజిన్ పెర్ల్ బొడైన్ అని ఒక చుట్టం పాత్ర ఆవిడకి ఇచ్చాడు. జెత్రో వాళ్లమ్మ. మొదటి ఎపిసోడ్‌లో జెడ్‌ని బెవర్లీ హిల్స్‌కి వెళ్లమని ఒప్పించేది ఈవిడే. అంటే ఆవిడ నోరు తెరవకపోతే కథే లేదు. విధవరాలు, గడుసుది, ఆయిల్ కంపెనీ బ్రూస్టర్ గారి మీద కన్నేసింది, గొంతెత్తి యోడలింగ్ చేస్తుంది. ఈ షో మొదటి సీజన్‌లోనే అమెరికాలో నంబర్ వన్. చిన్న పాత్రే అయినా పెర్ల్ జనానికి బాగా పట్టేసింది. ఆ తొలి సీజన్ చూసినవాళ్లకి ఇప్పటికీ పెర్ల్ గుర్తుంటుంది.

ఆ విజయంతో సీబీఎస్ ఛానెల్ హెన్నింగ్‌ని ఇంకో షో అడిగింది. ఈసారి ఆయన షోని బీ చుట్టూ కట్టాడు. పెటికోట్ జంక్షన్, 1963 సెప్టెంబర్ 24న మొదలైంది. రైల్వే లైన్ పక్కన షేడీ రెస్ట్ అనే చిన్న హోటల్. దాన్ని నడిపే వితంతువు కేట్ బ్రాడ్లీ, ఆవిడ ముగ్గురు కూతుళ్లు, పనిచేయకుండా ఉపాయాలు మాత్రం చెప్పే అంకుల్ జో. ఊరి పేరు హూటర్‌విల్. హెన్నింగ్ భార్య వాళ్ల తాతయ్యగారికి మిస్సోరీలో రైల్వే స్టేషన్ దగ్గర ఒక హోటల్ ఉండేది, ఆ కబుర్ల నుంచి పుట్టిన కథ ఇది.

కేట్ బ్రాడ్లీ పక్కింటావిడ కాదు. ఇల్లు ఆవిడదే. రేడియోలో చేరిన 37 ఏళ్ల తర్వాత, 57వ ఏట, మొట్టమొదటిసారి టైటిల్స్‌లో ఆవిడ పేరు అందరికంటే ముందు వచ్చింది.

ఇన్నాళ్లకి మైకు చేతికొచ్చింది కదా, తనే దంచేస్తుందని నేను అనుకున్నాను. మీరు ఆ షో చూడండి. కేట్ వంటింట్లో పనిచేస్తూ ఉంటుంది. అంకుల్ జో వచ్చి డబ్బు సంపాదించే ఒక కొత్త పథకం చెబుతాడు. కూతుళ్లలో ఒకరు వచ్చి ప్రేమ గోల చెబుతుంది. రైలు నడిపే చార్లీ, ఫ్లాయిడ్ భోజనానికి దిగి కంపెనీ మీద గోడు చెబుతారు. నవ్వు తెప్పించే మాటలు ఎక్కువగా వాళ్లవే. కేట్ వింటుంది. ఎవరి మాట ఎంత నమ్మాలో, ఎప్పుడు తలూపాలో, ఎప్పుడు గరిటె కింద పెట్టాలో ఆవిడకి తెలుసు. హీరోయిన్ అయ్యాక కూడా బ్లాంచ్ పని మానలేదు. ఆ పని మీదే ఒక షో మొత్తం నిలబడింది. మొదటి సీజన్‌లోనే దేశంలో ఎక్కువమంది చూసిన పది షోలలో ఒకటైంది. షూటింగుల ఒత్తిడితో 1964లో ఆవిడ బెట్టీ గొంతుని ఇంకొకరికి వదిలేసింది.

ఇంటి సంగతి కూడా రెండు మాటల్లో చెప్పాలి. 1938లో జిమ్ బ్యానన్ అనే నటుణ్ణి పెళ్లి చేసుకుంది, ఒక కొడుకు, ఒక కూతురు. 1950లో విడిపోయారు. తర్వాత యూజీన్ ట్వాంబ్లీని పెళ్లి చేసుకుంది. ఆయన సౌండ్ ఎఫెక్ట్స్ మనిషి, జాక్ బెన్నీ షోలో పనిచేసినవాడు. గర్‌ట్రూడ్ కబుర్లు చెబుతుంటే పక్కనే తలుపు చప్పుడు చేసినవాళ్లలో ఒకడన్నమాట. ఆయన పేరు కూడా వినేవాళ్లకి తెలియదు. కొడుకు జాక్ బ్యానన్ నటుడయ్యాడు, అమ్మ షోలో చిన్న వేషాలు వేశాడు.

1967 చివర్లో ఆవిడకి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌తో తీసేయడం కుదరలేదు, రేడియేషన్ ఇచ్చారు. కేట్ ఊళ్లో లేదని చెప్పి షో నడిపించారు. 1968 మార్చిలో, ఐదో సీజన్ చివరి ఎపిసోడ్‌లో కేట్ తిరిగి ఇంటికి వచ్చింది. ఆ ఎపిసోడ్ చూస్తే కేట్ ఎవరు, బీ ఎవరు అని విడదీయలేం. మనిషి చిక్కిపోయి ఉంది. అందరూ ఆవిడ చుట్టూ చేరతారు. ఆ ఒక్కసారి మాత్రం మిగతావాళ్లు ఆవిడ మాట వింటున్నట్టు కనిపిస్తుంది.

ఆరో సీజన్ మొదట్లో కొన్ని ఎపిసోడ్లు చేయగలిగింది. జబ్బు తిరగబెట్టింది. 1968 అక్టోబర్ 13న లాస్‌ఏంజెలెస్‌లో కన్నుమూసింది. వయసు 62. నాలుగు రోజులకి ట్వాంబ్లీ కూడా గుండెపోటుతో చనిపోయాడు. ఆవిడ పోయాక ఒక ఎపిసోడ్ ప్రసారమైంది. అందులో కూతురు బెట్టీ జోకి పాప పుడుతుంది. కేట్ ముఖం కనిపించదు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. 1926లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక మైకు ముందు గొంతుతో మొదలైన మనిషి, చివరికి జనానికి గొంతుగానే మిగిలింది.

షో ఇంకో రెండేళ్లు నడిచి 1970లో ఆగిపోయింది. ఇంటికి కొత్త మనుషులు వచ్చారు కానీ కేట్ స్థానంలో ఇంకో నటిని పెట్టి అదే పేరుతో పిలవలేదు. హ్యారీ మార్టన్‌ని మూడుసార్లు మార్చినప్పుడు ఏమీ కాని సిట్‌కామ్ ప్రపంచం, ఈవిడ విషయంలో ఆ పని చేయలేదు.

ఆ రెండు రోజుల తర్వాత నేను రిహార్సల్‌కి వెళ్లాను. నా డైలాగులు నాలుగే ఉన్నాయి, పెంచమని అడగలేదు. కానీ ఒక విషయం గమనించాను. ఇంతకుముందు హీరోయిన్ మాట్లాడుతున్నప్పుడు నేను నా తర్వాతి లైన్ ఎప్పుడా అని లెక్కపెట్టుకుంటూ నిలబడేదాన్ని. ఆ రోజు లెక్క మానేసి ఆ అమ్మాయి చెప్పేది విన్నాను. వాళ్లాయన పండగ పూట జీతం డబ్బులు ఏం చేశాడో చెబుతోంది. నిజంగా వింటే కథ చాలా బాగుంది! నాకు తెలియకుండానే చేతిలో పంచదార గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, అంతకుముందు గాల్లోకి చెప్పే మాటలన్నీ నాకే చెప్పింది. డైరెక్షన్ చేస్తున్న సీనియర్ అక్క ఆ గ్లాసు అలాగే పెట్టమంది.

ఈసారి మీరు ఏ పాత సిట్‌కామ్ చూసినా ఒక్క ఎపిసోడ్ రెండోసారి చూడండి. మాట్లాడేవాళ్లని కాకుండా వింటున్నవాళ్లని చూడండి. టైటిల్స్ వచ్చినప్పుడు స్కిప్ కొట్టకుండా ఆ పేరు చదవండి.